మావాడికేం పిచ్చా, కౌన్సెలింగ్ ఎందుకు?

ఈ వారం ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను. ఊరూ పేరూ వద్దన్నారు కనుక ఆ రెండూ తీసేసి ఇస్తున్నాను.

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఏడో తరగతి దాకా చురుగ్గా ఉండేవాడు. ఎనిమిదిలో ఇంగ్లీషు మీడియంలో వేశాం. ఏడాదిగా క్లాసులో నోరు విప్పడం లేదట. లేచి పాఠం చదవమంటే చెమటలు పట్టి గొంతు పూడుకుపోతుందట. సోమవారం వచ్చిందంటే పొద్దున్నే కడుపునొప్పి. పదిన్నర దాటితే తగ్గిపోతుంది. నులిపురుగుల మందు వేశాం, స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. ఇప్పుడు స్కూలువాళ్లు కొంతమంది పిల్లలకి గ్రూప్ గైడెన్స్ పెడుతున్నాం, సంతకం చేసి పంపమని కాగితం ఇచ్చారు. 'మావాడికేం పిచ్చా?' అని మావారు దాన్ని అవతల పారేశారు. నన్నేం చెయ్యమంటారు?"

గడువు దగ్గరపడింది కనుక ఆవిడకు జవాబు ముందే పంపేశాను. ఇలాంటి కాగితాలు ఇంకా కొన్ని ఇళ్లలో బల్ల మీదే పడి ఉంటాయని అదే సంగతి ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమ్మా, ముందు కడుపునొప్పి సంగతి. అది నాటకం కాదు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువగా ఊరుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి, పేగులు బిగుసుకుంటాయి. మెదడుకీ పేగులకీ నరాల సంబంధం చాలా దగ్గరది. పరీక్ష రోజు పొద్దున మనలో ఎంతమంది రెండుసార్లు దొడ్డికి పరుగెత్తలేదు? మీవాడికి వచ్చేది నిజమైన నొప్పే. స్కానింగ్‌లో కనపడదు, అంతే. అయితే రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, విరేచనంలో రక్తం ఇలాంటివి ఉంటే అది భయం వల్ల అని సరిపెట్టుకోకండి, మళ్లీ డాక్టరుకి చూపించండి.

స్కానింగ్ తీయించారు గాని కళ్లు పరీక్ష చేయించినట్టు రాయలేదు. చెవులు కూడా. ఒకసారి ఒక అమ్మాయిని "మొద్దు, ఏదడిగినా నేల చూపులే" అంటూ తీసుకొచ్చారు. గోడ మీది అక్షరాల పట్టికలో పై రెండు వరసలు దాటి చదవలేకపోయింది. రెండేళ్లుగా బోర్డు మీద ఏముందో ఆ పిల్లకి కనపడనే లేదు. కళ్లజోడు పెట్టాక సగం బాధ తీరింది. మిగతా సగం తీరలేదు. రెండేళ్లు నోరు మూసుకోవడం అలవాటైన పిల్లకి కళ్లజోడు చూపునిస్తుంది గాని ధైర్యాన్నివ్వదు కదా!

ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఏం టానిక్కు ఇమ్మంటారని నన్ను అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి టానిక్కు లేదు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఈ ప్రశ్నకి జవాబు రాశాడు. అన్నిటికన్నా బలమైనది, తాను స్వయంగా చేసి నెగ్గిన పని. తరవాత, తనలాంటివాడే మరొకడు చేయగా చూడటం. ఆపైన పెద్దల మాటలు. చివరికి తన ఒంట్లో పుట్టే దడనీ వణుకునీ తాను ఎలా అర్థం చేసుకుంటున్నాడన్నది. మనం మాత్రం మొదటి రెండూ వదిలేసి మూడోదాన్నే పట్టుకుని వేలాడతాం. "ధైర్యంగా ఉండరా, నీకేం తక్కువ?" అని పొద్దస్తమానం చెబుతాం. గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పడం ఇది.

ఉత్త పొగడ్తలతో ఈ పని జరగదని ఇతర దేశాలవాళ్లు ఖర్చు పెట్టి మరీ తెలుసుకున్నారు. ప్రజల్లో ఆత్మగౌరవం పెంచాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఏకంగా ఒక సంఘాన్నే వేసింది. 2003లో నలుగురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. ఆత్మగౌరవం పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి సరైన ఆధారం దొరకలేదు. బాగా చదవగలిగిన పిల్లవాడికే తన మీద తనకి కాస్త గౌరవం పెరుగుతోందని చెప్పారు.

ఇక గ్రూప్ గైడెన్స్ అంటే ఏమిటో చూద్దాం. ఇది ఉపన్యాసం కాదు, మందు కాదు, హిప్నాటిజం అసలే కాదు. ఒకే ఈడు పిల్లలు ఎనిమిది పదిమందిని వారానికి ఒక పీరియడ్ చొప్పున రెండు మూడు నెలలు కూర్చోబెడతారు. ముందు నియమాలు చెబుతారు. ఇక్కడి మాట బయట చెప్పకూడదు, ఎవరూ ఎవర్నీ చూసి నవ్వకూడదు, ఈ రోజు మాట్లాడలేను అనుకుంటే ఆ మాటే చెప్పి ఊరుకోవచ్చు. మొదటి వారం ఇద్దరిద్దర్ని జత చేసి, ఒకర్నొకరు వివరాలు అడగమంటారు. ఆ తరవాత ఎవరి గురించి వారు కాక, పక్కవాడి గురించి నలుగురికీ చెప్పాలి. తన గురించి చెప్పలేని పిల్లవాడు కూడా పక్కవాడి గురించి నాలుగు ముక్కలు చెప్పగలడు. ఇంకో వారం తనకి బాగా తెలిసిన పని, ఊడిపోయిన సైకిలు చైను ఎక్కించడమో గాలిపటం కట్టడమో, చేసి చూపించమంటారు. ఆ తరవాత ఒక పేరా చదవడం. ముందు ఈ ఎనిమిదిమంది మధ్య, తరవాత సగం క్లాసులో, ఆనక పూర్తి క్లాసులో. ఒక మెట్టు దగ్గర తడబడితే కింది మెట్టుకి దిగి మళ్లీ ఎక్కుతారు.

ఇందులో ఒక కిటుకు ఉంది. భయం మొదలైన కొద్ది నిమిషాల్లో బాగా పెరుగుతుంది. పిల్లవాడు అక్కడే నిలబడితే నెమ్మదిగా అదే దిగుతుంది. పెరిగిన సమయంలో పారిపోతే "పారిపోయాను కనుక బతికాను" అని మెదడు పాఠం నేర్చుకుంటుంది, మరుసటిసారి ఇంకా ముందే భయపెడుతుంది. ప్రతి సోమవారం మీరు జాలిపడి ఇంట్లో ఉంచేస్తున్నారే, అక్కడ జరుగుతున్నది ఇదే. తప్పు పట్టడం లేదు, ఏ తల్లయినా అలాగే చేస్తుంది. కాని ఇకమీదట నొప్పి ఉన్నా, ఒక పీరియడ్ ఆలస్యమైనా, బడికి పంపండి. ఈ సంగతి క్లాసు టీచరుకి ముందే చెప్పి ఉంచండి.

గుంపులో ఇంకో లాభం ఉంది. క్లాసులో గడగడ మాట్లాడే పిల్లవాడు "లేచి నిలబడితే నాకూ కాళ్లు వణుకుతాయి" అంటాడు. ఆ ఒక్క ముక్క మన మాటలు వందకన్నా ఎక్కువ పని చేస్తుంది. అంచేత మంచి గ్రూపులో అన్ని రకాల పిల్లలూ ఉండాలి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లనే ఏరి "వీక్ బ్యాచ్" అని ముద్ర వేస్తే అది గైడెన్స్ కాదు, శిక్ష. గ్రూపు ఎవరు నడుపుతారు, వారికి శిక్షణ ఉందా, పిల్లల్ని ఎలా ఎంచారు అని స్కూల్లో అడగండి. అడిగే హక్కు మీకుంది.

మీవారికి ఈ పేజీ చూపించండి. లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ పెట్టమూ? అందుకు సిగ్గుపడని తండ్రి దీనికెందుకు సిగ్గుపడాలి? టి.సి.లోనూ మార్కుల జాబితాలోనూ కౌన్సెలింగ్‌కి వెళ్లాడని రాసే గడి లేదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు మామూలుగా రాసేశారు గాని నేను రెండుసార్లు చదివాను. ఎనిమిదిలో మీడియం మారిందన్నారు. తెలుగులో అన్నీ వచ్చిన పిల్లవాడు ఒక్కసారిగా ఏమీ రానివాడయ్యాడన్నమాట. ఏదో మాట తప్పు పలికితే క్లాసంతా నవ్విందా? గొంతు మారే ఈడు, అదో ఇబ్బందా? ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా? ఇవి గుంపులో బయటికి రావు. కౌన్సెలరు విడిగా కూర్చోబెట్టి మాట్లాడాల్సినవి. వాడు అక్కడ చెప్పింది మీకు చెప్పమని కౌన్సెలర్ని ఒత్తిడి చేయకండి. ప్రాణానికి ప్రమాదమున్నా, ఎవరైనా హింసిస్తున్నా వారే మిమ్మల్ని పిలుస్తారు. కౌన్సెలరు లేని బడులు మనకి ఇంకా చాలా ఉన్నాయి. అలాంటిచోట పిల్లలు నమ్మే మాస్టారో టీచరమ్మో ఒకరుంటే, ఆ మెట్ల పద్ధతిని వారూ మొదలుపెట్టవచ్చు.

ఇంట్లో మీ వంతు కూడా ఉంది. చుట్టాలొచ్చి "ఏం చదువుతున్నావు బాబూ?" అంటే ఎవరు జవాబు చెబుతున్నారు? మీరేనని పందెం కాస్తాను. ఇకనించి పది అంకెలు లెక్కపెట్టుకుని ఊరుకోండి. వాణ్ణి చెప్పనివ్వండి. కొట్టుకి పంపండి, చిల్లర లెక్క చూసుకుని రమ్మనండి. పక్కింటి కుర్రాడి ర్యాంకు మీ ఇంట్లో ఎత్తకండి. మెచ్చుకుంటే "తెలివైనవాడివిరా" అనకుండా "ఆ పేరా నాలుగుసార్లు చదివావు, చూశాను" అనండి.

వారాల తరబడి బడికి పోకపోయినా, నిద్రా తిండీ మానేసినా, చచ్చిపోతాననే మాట ఒక్కసారి అన్నా గ్రూపు కోసం ఎదురుచూడకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ అని 2022 నుంచి ప్రభుత్వమే నడుపుతున్న ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

కాగితం మీద సంతకం పెట్టి పంపండి. శనివారం కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రెండు నెలల తరవాత మళ్లీ ఉత్తరం రాస్తూ, ఈ మధ్య ఎన్ని సోమవారాలు కడుపునొప్పి వచ్చిందో, వాటిలో ఎన్ని రోజులు బడికి వెళ్లాడో లెక్కపెట్టి తెలియజేయండి.