ఎర్ర గీత

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థులకు నిత్యపరిచితములైన దుకాణములు రెండు: ఒకటి జిరాక్సు దుకాణము, రెండవది మందుల దుకాణము. గొంతు నొప్పి పుట్టినదే తడవుగా "అన్నా, జ్వరానికి రెండు గోళీలు ఇవ్వు" అందుము. పారాసిటమాల్‌తో పాటు ఒక యాంటిబయాటిక్‌ను కూడ మ్రింగి, మరల పుస్తకముల ముందు కూర్చుందుము. పరీక్ష నెత్తిమీద నుండగా వైద్యుని గది ముందు వేచియుండుటకు తీరిక యెక్కడిదని మా వాదము.

ఆ వాదము గడచిన యేడు మా గదిలోనే వీగిపోయినది. మా మిత్రునకు అపెండిక్స్ పగిలి, రాత్రికి రాత్రి శస్త్రచికిత్స జరిగినది. అయిదవ నాటికి కుట్లు ఎర్రబారి చీము పట్టెను. చీమును పరీక్షింపగా ఈ. కోలై అను సూక్ష్మజీవి కనబడినది. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, వీటిలో ఏ మందునకును అది లొంగదని కాగితములో వ్రాసియుండెను. కుట్లు విప్పి, చీము తీసి, దినమునకు మూడు మారులు మెరోపెనెమ్ సూదిమందు ఇచ్చిరి. అతడు కోలుకొనెను గాని, పరీక్ష పోయినది.

అతడు మ్రింగిన గోళీల వలననే యిట్లయినదని మేము చెప్పజాలము. ఈ. కోలై మనందరి ప్రేగులలో నివసించునదే. యాంటిబయాటిక్ మ్రింగినపుడు లొంగు క్రిములు చచ్చును, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. ఆ మొండితనమును ఇతర క్రిములకును పంచును. చేతుల ద్వారా, నీటి ద్వారా అవి ఒకరి నుండి వేరొకరికి ప్రాకును. ఇక జలుబును కలిగించు వైరస్‌పై ఈ మందులు బొత్తిగా పనిచేయవు.

తప్పంతయు విద్యార్థులదే యనుట అన్యాయము. మన నగరము చెంతనున్న పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలు నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి. చికిత్స పొందు రోగి రక్తములో నుండు మోతాదు కంటె అది ఎక్కువ!

అయినను మనలో ఒక వింత కలదు. వైద్యుని చీటీ లేనిదే కొనరాదని తెలుపు ఎర్ర గీతను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రచారము సాగించినది. సెఫిక్సిమ్ వంటి మందుల అమ్మకమును, రోగి పేరును పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెనను నిబంధన 2014 మార్చి 1 నుండి అమలులో నున్నది. వీటిని ప్రశ్నలకు జవాబులుగా కంఠస్థము చేయుదుము. సాయంకాలము అదే గీత గల గోళీని చీటీ లేకయే కొందుము. రేపు ఈ చట్టమును అమలు జరుపు అధికారులము కాగోరువారము మనమే గదా!

తీరిక లేదను సాకును చెల్లదు. నగరములో 2018 నుండి వెలసిన బస్తీ దవాఖానాలలో వైద్యుని సలహా ఉచితము. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి మనకు దూరమేమియు కాదు. దుకాణదారుడు చీటీ అడిగినచో కోపగించుకొని ప్రక్క దుకాణమునకు పోవుట మానుదము. అడుగనిచో, ఆ అమ్మకపు పుస్తకము ఏదని మనమే అడుగుదము.