ముఖాన సోకు, నెత్తిన నిప్పులు

తిరుపతి చుట్టూ కొత్తగా లేస్తున్న ఇళ్లకు ఈమధ్య ఒక సోకు పట్టుకుంది. వాకిట్లో కారైకుడి నుంచి తెప్పించిన టేకు స్తంభాలు రెండు, పైన ఎర్ర పెంకుల చూరు, తలుపులకు ఇత్తడి బొడిపెలు. దీన్ని ‘ట్రెడిషనల్ ఎలివేషన్’ అంటున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తలెత్తి చూస్తే ఆ పెంకుల కింద ఉన్నది సిమెంటు స్లాబే. పెంకులు దానికి అతికించినవి. పక్క సందులోకి వెళ్తే గోడకు వరసగా ఏసీ డబ్బాలు.

సోకు చేసుకోవద్దనడం లేదు. పాతనూ కొత్తనూ కలపాల్సిన చోటు వాకిలి కాదు, మిద్దె అంటున్నాను.

వేసవిలో మన ఇళ్లలోకి వచ్చే వేడిలో పెద్ద వాటా పైనుంచి దిగేదే. మే నెలలో తిరుపతి నలభై డిగ్రీలు దాటుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు పొద్దంతా ఎండను తాగి, మనం పడక వేసుకున్నాక తీరిగ్గా కక్కుతుంది. రాత్రి పది గంటలకు గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మన మీదికి తోస్తుంది. పొద్దుగూకగానే బకెట్లతో మిద్దె తడిపే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. కేంద్రం 2018లో ఇళ్ల కోసం ‘ఎకో నివాస్ సంహిత’ అని ఒక నియమావళి తెచ్చింది. దాని ప్రకారం లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు పైకప్పు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడిని దించకూడదు. ఉత్త స్లాబు దించేది దాదాపు మూడింతలు.

మన పెద్దవాళ్లకు ఈ వాట్ల లెక్క తెలియదు గానీ వేడి సంగతి బాగా తెలుసు. పీలేరు, మదనపల్లె వైపు మట్టిమిద్దెలు ఉండేవి. దూలాలు, వాటి మీద అడ్డకట్టెలు, ఆకు పరిచి మట్టి, అన్నిటికన్నా పైన చవుడు. చవుట్లో సోడియం ఎక్కువ. తడిస్తే దాని బంకరేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. పైరుకు పనికిరాని మట్టి అలా మిద్దెకు పనికొచ్చింది. తూర్పు వైపు తిరుపతి, పుత్తూరు, నగరిలో మద్రాసు మిద్దె. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఈ సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది కాబట్టి పనివాళ్ల పద్ధతీ అటునుంచే వచ్చింది. టేకు పట్టెల మీద సన్నటి ఇటుకలను సున్నంతో ఐమూలగా నిలబెట్టి పేరుస్తారు. దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిస చేస్తారు. వేడిని ఆపేదీ వాననీటిని జారనిచ్చేదీ ఆ ఒక్క పొరే.

అలాగని పాతవన్నీ బంగారం కాదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో వస్తాయి. నాలుగు రోజులు వదలకుండా కురిస్తే మట్టిమిద్దె ఇంట్లో గిన్నెలన్నీ కారేచోట్లకే చాలవు. ఏటా చవుడు తోలాలి. పైగా తేళ్ల భయం. ఆ బాధ పడినవాళ్లు స్లాబు రాగానే దండం పెట్టి మారారు, వాళ్లను తప్పుపట్టలేం. మనం చేసిన పొరపాటల్లా స్లాబును తెచ్చుకుని, దాని మీద ఉండాల్సిన పొరను పాతచాదస్తమని వదిలేయడం.

నమ్మకం లేనివాళ్లు మిట్టమధ్యాహ్నం చంద్రగిరి కోటకు వెళ్లి రాజమహల్ లోపల కాసేపు నిలబడండి. మూడంతస్తుల కట్టడం, కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపారు. లావుపాటి గోడలు, ఎత్తైన కప్పు, అటూ ఇటూ కమానులు. బయట చెప్పులు లేకుండా నిలబడలేని ఎండలో లోపల గాలి ఆడుతూనే ఉంటుంది. రాజుల సొమ్ము మన దగ్గర లేదు, నిజమే. ఆ సూత్రానికి మాత్రం రాజుల సొమ్ము అక్కర్లేదు.

స్లాబు అలాగే ఉండనివ్వండి. దాని మీద మూడు నాలుగు అంగుళాల ఇటుకముక్క, సున్నం పొర వేసి, పైన తెల్లటి పలకలు పరిస్తే చాలు. అదీ కుదరకపోతే ఏటా మార్చిలో మిద్దెకు తెల్లసున్నం కొట్టండి. ఇంగ్లండు నుంచి వచ్చి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ఇంకో రెండు ఉపాయాలు మనదేశంలో బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. ఒకటి, ఇటుకలను అంచు మీద నిలబెట్టి నడుమ బోలు వదిలే గోడ. ఇటుకలో దాదాపు పావువంతు మిగులుతుంది, ఆ బోలు వేడిని ఆపుతుంది. రెండోది, స్లాబులో బరువు మోయని కింది భాగాన కాంక్రీటు బదులు పాత మంగళూరు పెంకులు పెట్టడం. ప్రపంచంలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీదే కాబట్టి ఆదా మన జేబుకు మాత్రమే కాదు. తిరుపతిలో పెంకుటిళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నప్పుడు ఆ పెంకులే ట్రాక్టర్లలో దిబ్బలకు పోతున్నాయి. దుకాణంలో కొన్న కొత్త పెంకులేమో చూరుకు అలంకారం!

రాయి సంగతీ అంతే. కుప్పం గ్రీన్ గ్రానైటు పలకలు దేశాలు దాటి పోతాయి. క్వారీల దగ్గర ముక్కరాయి గుట్టలుగా పడి ఉంటుంది. గోడలకూ పునాదులకూ దాన్ని వాడితే కొత్త కొండ తొలవాల్సిన పని తగ్గుతుంది. మన రాతి కూసాలు తోటల చుట్టూ కంచెకు నిలబడుతున్నాయి, ఇంటి పంచకేమో కారైకుడి టేకు కావాలి.

వాస్తు మాటా ఒకటి చెప్పాలి. ఆగ్నేయంలో వంటిల్లు పడిందా లేదా అని చూసే శ్రద్ధలో పదోవంతు పడమటి గోడ మీద పెట్టం. సాయంత్రపు ఎండంతా కొట్టే ఆ గోడకు పడకగది ఆనించి, కిటికీకి చారెడు సజ్జా కూడా వదలం. మెట్లో, స్నానాలగదో అటు జరిపితే పైసా ఖర్చు లేదు.

అంకణాల లెక్కన స్థలం కొనే తిరుపతిలో నడుమ ఖాళీ వదిలే తొట్టికట్టు ఇల్లు అందరికీ కుదిరేది కాదు. 2020లో మొదలైన పేదల ఇళ్ల పథకంలో పట్టణాల్లో ఇచ్చింది సెంటు స్థలం, అంటే 435 చదరపు అడుగులు. అందులో పంచ ఎక్కడ, పెరడు ఎక్కడ? అలాంటి ఇంటికి మిగిలిన ఒకే ఒక్క దారి మిద్దె. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ 600 చదరపు గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకూ తప్పనిసరి చేసింది. మన పట్టణాభివృద్ధి సంస్థ తుడా, నగరపాలక సంస్థ ప్లాను ఇచ్చేటప్పుడు ఇంకుడుగుంత ఉందా అని అడిగినట్టే, మిద్దెకు వేడి ఆపే పొర ఏం వేస్తున్నావని కూడా అడగాలి. వేసినవాళ్లకు ఇంటిపన్నులో కొంత తగ్గించాలి. సెంటు ఇళ్లకు ఆ పొర ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.