మడత చెడితే మసక

గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టవచ్చునని మా మల్దకల్ వైపు గొప్పగా చెప్పుకుంటాము. కాని మడతల విద్యలో మన ఒంటిలోని జీవకణాన్ని మించిన పనివాడు లేడు.

మాంసకృత్తు తయారయ్యేటప్పుడు ఒక పొడుగాటి దారం వంటిది. సరిగా మడతపడి రూపం తెచ్చుకుంటేనే అది పనికి వస్తుంది. ఇన్సులిన్ వంటి, కణం బయటికి పంపే సరుకు అంతర్జీవద్రవ్య జాలమనే కార్ఖానాలో మడతపడుతుంది. అక్కడ చాపరోన్లనే మాంసకృత్తులు కాపు కాస్తాయి. కొత్త కోడలి వెంట అత్తవారింటికి తోడు వెళ్ళే పెద్దావిడ లాంటివన్నమాట! దారం చిక్కుపడకుండా, పక్కదానికి అంటుకోకుండా చూసి, మడత కుదిరాక తప్పుకుంటాయి.

మరి పని మితిమీరితే? కణం కొత్త సరుకు తయారీ తగ్గిస్తుంది. మరిన్ని చాపరోన్లను రప్పిస్తుంది. చెడిన సరుకును బయటికి నెట్టి ముక్కలు చేయిస్తుంది. అప్పటికీ దారికి రాకపోతే తనను తానే చంపుకుంటుంది. మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నశించడానికి ఈ ఒత్తిడి ఒక కారణం. ఈ గుట్టు విప్పిన కజుతోషి మోరి, పీటర్ వాల్టర్‌లకు 2014లో లాస్కర్ బహుమానం వచ్చింది.

ఇదంతా మనకెందుకంటారా? మీ కంటి సంగతి వినండి. కంటి కటకం నడిబొడ్డున ఉన్న కణాలలో ఆ కార్ఖానాయే లేదు. వెలుతురుకు అడ్డు రాకూడదని ఎప్పుడో కరిగిపోయింది. అక్కడ కొత్త మాంసకృత్తులు పుట్టవు. ఉన్నవాటితోనే జీవితమంతా గడవాలి. వాటిని కాచే ఆల్ఫా క్రిస్టలిన్ చాపరోన్‌లా పనిచేస్తుందని 1992లో జోసెఫ్ హార్విట్జ్ చూపారు. 30 డిగ్రీల సెంటిగ్రేడు దాటాక దాని కాపుదల ఇంకా పెరుగుతుందని హైదరాబాదు సి.సి.ఎం.బి.లో సిహెచ్. మోహనరావు బృందం తేల్చింది. అయితే ఆ బలగం తరిగేదేగాని పెరిగేది కాదు. అది చాలనినాడు మాంసకృత్తులు ముద్దకట్టి చూపు మసకబారుతుంది. అదే శుక్లం.

మధుమేహం, పొగాకు, తీక్షణమైన ఎండ దాన్ని తొందరపెడతాయి. కనుక నడిగడ్డ చేలల్లో పనిచేసే మావాళ్ళకు నేను చెప్పేది ఇదే: తలపాగాతో సరిపెట్టక కంటికీ నీడ చూసుకోండి. చుట్ట మానండి. చక్కెర అదుపులో పెట్టండి. మసక వచ్చిందా, కంట్లో పసరు పోయకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మసకబారిన కటకం తీసి కొత్తది అమర్చే ఆపరేషను ఉంది. పసరుతో పాడైన కంటికి ఆ వీలూ దక్కకపోవచ్చు!