ఎవరూ నాటని పచ్చదనం



బతుకమ్మ రోజుల్లో కూకట్‌పల్లి రైతుబజారులో తంగేడు, గునుగు పూలు కట్టలుగా కొనుక్కుంటాం. ఒకప్పుడు ఈ రాతి నేలల్లో ఎవరూ నాటకుండానే, నీళ్లు పోయకుండానే పూసినవి అవి. 2014లో తెలంగాణ తన చిహ్నాలుగా పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడులను ఎంచుకుంది. నాలుగూ మెట్టనేలల్లో, చిట్టడవుల్లో కనిపించేవే. ఆ నేలనే మనం ఖాళీ జాగాగా లెక్కగట్టి ప్లాట్లు వేశాం. ఈ సంచికలోని రచనలన్నింటినీ కలిపే దారం ఆ బాధే.

ఇప్పుడే ఎందుకంటే, కంచ గచ్చిబౌలి ఇంకా మన కళ్లముందే ఉంది. 2025 మార్చి చివర అక్కడి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు బతికే చోటది. నరికిన చోట మొక్కలు నాటితే సరిపోతుందనే వాదనను మేం ఒప్పుకోం. బండల సందులు, ఎండుగడ్డి, వానకు నిండే గుంటలు, వాటిని నమ్ముకున్న పురుగూ పిట్టా నర్సరీ నుంచి రావు.

ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు 2012 అక్టోబరులో జరిగింది మన హైటెక్ సిటీ పక్కనే. మనకు దగ్గరలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు దక్కింది. వీటిని గుర్తుచేసే రచనలకు ఈసారి ఎక్కువ పేజీలిచ్చాం.

మీ కాలనీలో మిగిలిన పాత చెట్టు గురించి, మళ్లీ కనిపించిన పిట్ట గురించి మాకు రాయండి. వచ్చే సంచికలో వాటికి చోటు ఉంచుతున్నాం.

– సంపాదకవర్గం