పండుగ చుట్టాలు – పసిబిడ్డ



డిసెంబర్ రాగానే మన కొత్తపేట ఇళ్ళు చుట్టాలతో నిండిపోతాయి. విజయవాడ, సూర్యాపేటల వైపు నుండి వచ్చేవారు ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి తిన్నగా ఇంటికి వస్తారు. ఆ ఇంట్లో నెల తిరగని బిడ్డ ఉంటే, చెప్పులు విడవగానే అందరి చేతులూ ఉయ్యాల వైపే సాగుతాయి. ఒకరు ఎత్తుకుంటారు, మరొకరు ముద్దాడతారు. ఇది ప్రేమే. కాని మన జలుబు, దగ్గు బిడ్డకు చేరేది కూడా ఈ దారినే.

పుట్టగానే బిడ్డకు ఇచ్చేవి బి.సి.జి., హెపటైటిస్-బి టీకాలు, పోలియో చుక్కలు. కోరింత దగ్గును అడ్డుకొనే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు. మొదటి మోతాదు పడేవరకు ఇంటివారి జాగ్రత్తే బిడ్డకు కంచె. పెద్దలకు నాలుగు రోజుల్లో తగ్గే జలుబు, పసివారిలో న్యుమోనియాగా మారవచ్చు.

మన పూర్వులు పురిటి గదిలోకి అందరినీ రానిచ్చేవారు కారు. మైల అనే భావన మనకు అక్కరలేదు గాని, ఆ గదిలో తల్లీబిడ్డలకు దొరికిన విశ్రాంతి నేటికీ అవసరమే. లేవీయకాండము 12వ అధ్యాయము మగబిడ్డను కన్న తల్లికి 40 దినములు నియమించింది. ఆ దినములు గడిచాకనే మరియ, యోసేపులు శిశువైన యేసును యెరూషలేము దేవాలయమునకు తీసుకొని వెళ్ళారు.

అయితే "ఎత్తుకోవద్దు" అని చుట్టాలకు చెప్పేదెవరు? బాలింత చెప్పలేదు. చెబితే కోడలికి పొగరని అంటారు; ఆ మాట ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. కాబట్టి ఇంటి పెద్దలే చెప్పాలి. తాతగారు గుమ్మం దగ్గరే, "చేతులు కడుక్కొని రా అమ్మా, బిడ్డను కళ్ళారా చూడు, ఎత్తుకొని ఆడించడానికి ముందు చాలా రోజులున్నాయి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఇంట్లో పాటించవలసినవి ఇవి. బిడ్డను ముట్టేవారు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు, పిల్లలైనా సరే, ఆ గదిలోకి వెళ్ళరాదు. ఎవరూ ముద్దు పెట్టరాదు. సిగరెట్టు, సాంబ్రాణి, దోమల చుట్ట – ఏ పొగా బిడ్డకు తగలనివ్వకండి. తేనె నాకించవద్దు; ఏడాది నిండేవరకు అది ప్రమాదం. 6 నెలల వరకు తల్లిపాలే చాలు, మంచినీళ్ళు కూడా వద్దు. తల్లికి జలుబు చేస్తే మాస్కు కట్టుకొని పాలివ్వవచ్చు. చలికి టోపీ, మేజోళ్ళు వేయండి గాని ముఖం మీద దుప్పటి కప్పకండి. పండుగ వంట భారం బాలింత మీద వేయకండి.

బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, నిమిషానికి 60 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా ఆలస్యం చేయకండి. పండుగ అయ్యాక చూద్దామనుకోవద్దు. ఇంట్లో ఉన్న జ్వరం మందు పోయవద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే పిల్లల వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి.

సంఘస్థులకు ఒక మనవి. డిసెంబర్ 24, 31 రాత్రి ఆరాధనలకు బాలింత రాలేదని ఎవరూ ఆక్షేపించవద్దు. ఆ చలిలో, ఆ జనంలో నెలల బిడ్డను తేనక్కరలేదు. కాపరులమైన మేము ఇంటికి వచ్చినా గుమ్మంలోనే నిలబడి ప్రార్థిస్తాము. దీవించడానికి బిడ్డ తల మీద చెయ్యి వేయవలసిన పని లేదు. బిడ్డ ప్రతిష్ఠను టీకాలు మొదలయ్యాక, తల్లి కోలుకున్నాక, తీరికగా పెట్టుకుందాం.

ప్రభువు మీ ఇంటి పసివారిని కాపాడును గాక.