వార్డులో కరెంటు, ఊళ్ళో పొగ



ఈ పత్రికలో మేము ఎప్పుడూ బి.పి., షుగరు, బాలింతల ఆహారం గురించి రాస్తుంటాం. ఈసారి కరెంటు గురించి రాస్తున్నాం. నర్సమ్మలకు కరెంటుతో ఏం పని అనుకోకండి. రాత్రి డ్యూటీలో కరెంటు పోతే ముందు పరుగెత్తేది మేమే.

ఒక వేసవి రాత్రి నెలలు నిండని పాప వార్మరు కింద ఉండగా కరెంటు పోయింది. జనరేటరు ఓ పట్టాన అందుకోలేదు. ఒక సిస్టరు పాపను తల్లి గుండెలకు ఆనించి దుప్పటి కప్పింది. ఇంకో సిస్టరు సెల్‌ఫోను వెలుతురులో ఆక్సిజన్ సిలిండరు బిగించింది. పాప క్షేమంగానే ఉంది. జనరేటరు అందుకున్నాక చూస్తే, దాని పొగ గాలివాటున పిల్లల వార్డులోకే వస్తోంది. అక్కడ ఉబ్బసం పిల్లవాడికి నెబులైజర్ పెట్టి ఉంది. గబగబా కిటికీలు మూశాం. డీజిలు పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. అది తెలిసీ మేము ఆ జనరేటరునే నమ్ముకుని ఉన్నాం.

జనరేటరు పొగ మన కళ్ళకు కనబడుతుంది. తీగలో వచ్చే కరెంటు వెనక పొగ కనబడదు, అంతే తేడా. 2023-24లో మన దేశంలో తయారైన కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. 2025 జూన్ నాటికి దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, డీజిలు కానిదేనని ప్రభుత్వం ప్రకటించింది. 2030కి చేరాలనుకున్నది ఐదేళ్ళు ముందే చేరాం. సంతోషమే. కానీ ఆసుపత్రిలో మంచాలు ఎన్ని అన్నది ఒక లెక్క, వాటి మీద రోగులు ఎన్ని రోజులున్నారన్నది ఇంకో లెక్క. సోలారు పలక రాత్రి పనిచేయదు, మబ్బు పడితే తగ్గుతుంది. ఏడాది మొత్తం మీద దాని శక్తిలో సుమారు ఐదో వంతే చేతికి వస్తుంది. అందుకే సామర్థ్యంలో సగం అయినా, యూనిట్లలో బొగ్గే ముందుంది.

మన బొగ్గులో బూడిద చాలా ఎక్కువ. అందులోని గంధకం కాలి గాలిలో కలిసి సన్నని రేణువులుగా మారుతుంది. అవి ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. ఆ గంధకపు వాయువును పట్టే యంత్రాలు పెట్టడానికి థర్మల్ కేంద్రాలకు 2015 డిసెంబరులో రెండేళ్ళ గడువు ఇచ్చారు. ఆ గడువును పొడిగిస్తూ పోయి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖర్చు ఎక్కువ అన్నారు. గంధకం తక్కువన్న మాట నిజమే. కానీ 2024-25లో ఈ దేశం తవ్వింది వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు. ఉప్పు తక్కువ కూరైనా గంగాళమంతా తింటే బి.పి. పెరగదా? ఈ మినహాయింపు సరికాదని మా అభిప్రాయం.

అలాగని బొగ్గును రేపే ఆపేయమని మేము అనం. వార్మరుకు రాత్రి రెండింటికి కూడా కరెంటు కావాలి. సింగరేణి జీతం మీద పిల్లల్ని చదివించుకుంటున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వారికి ఇంకో దారి చూపకుండా గని మూయడం న్యాయం కాదు. రామగుండం థర్మల్ కేంద్రం జలాశయం మీదే 100 మెగావాట్ల తేలే సోలారు పలకలు 2022 నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. ఇప్పుడు కావలసింది పగటి కరెంటును రాత్రికి దాచే ఏర్పాటు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో నీటిని తిరిగి పైకి తోడి మళ్ళీ వాడుకునే యంత్రాలు ఉన్నాయి. ఇలాంటివీ, పెద్ద బ్యాటరీలూ పెరిగితేనే బొగ్గు తగ్గుతుంది.

ఇళ్ళ మీద సోలారు పెట్టించుకునే వారికి ఒక మాట. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. అయితే బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన మామూలు సోలారు, లైను పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాకు తగలకుండా ఆ ఏర్పాటు. మంచిదే. కానీ పట్టపగలు ఎండ కాస్తుండగా ఇంట్లో ఫ్యాను ఆగిందని కొందరు కంగారు పడుతున్నారు. ఇంట్లో రోగి ఉంటే బ్యాటరీతో పనిచేసేదే అడగండి.

ఛత్తీస్‌గఢ్‌లో వందల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల మీద సోలారు, బ్యాటరీలు పెట్టారు. మాకూ అలాంటివి కావాలని ఆసుపత్రి కమిటీని అడిగాం. ముందు కాన్పుల గది, పసిపిల్లల వార్డు, టీకాల ఫ్రిజ్. ఆ తర్వాతే ఆఫీసు ఏ.సి.లు. మన మందిరం పైకప్పు కూడా రోజంతా ఎండకు ఊరికే కాగుతోంది. సంఘ పెద్దలు ఆ సంగతి మాట్లాడితే బాగుంటుంది.

ఈలోగా, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడుతున్నవారు నిండు సిలిండరు ఒకటి పక్కనే ఉంచుకోండి. దాన్ని ఎలా తిప్పాలో ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి. ఓ.పి.కి వచ్చినప్పుడు అడగండి, మా సిస్టర్లు చేసి చూపిస్తారు.