అవ్వ గుర్తుపట్టని ఫోటో



ఇంటర్నెట్‌లో ఎలా వెదకాలి, పాత ఫోటోను ఎలా బాగుచేయాలి, సంఘానికి ఒక చిన్న వెబ్ పేజీ ఎలా తయారు చేయాలి అని మన యౌవనస్థులు అడుగుతూనే ఉన్నారు. ఈ మూడింటినీ కలిపి ఈ నెల చెప్పదలిచాను. దానికి ముందు మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మా సంఘానికి 75 సంవత్సరాలు నిండిన సందర్భంగా కృతజ్ఞతా కూడిక ఏర్పాటు చేసుకున్నాం. మొదటి ఉపదేశిగారి కుమార్తె ఇంకా మా మధ్యనే ఉన్నారు. ఎనభై దాటిన ఆ తల్లిని ఊరంతా అవ్వ అనే పిలుస్తాం. ఆమె తన రేకుపెట్టె అడుగు నుండి తండ్రిగారి ఫోటో ఒకటి తీసి ఇచ్చారు. ఆయన ఫోటో లోకంలో అదొక్కటే. అంచులు చిరిగి, చెమ్మ తగిలి మరకలు పడి ఉంది. డిగ్రీ చదువుతున్న మా సంఘపు కుర్రవాడొకడు ఎంతో ఆసక్తితో దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, ఏదో యాప్‌లో పెట్టి, రంగులు అద్దించి, పెద్ద ఫ్లెక్సీ వేయించాడు. చూసినవారంతా మెచ్చుకున్నారు. అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దాని ముందు నిలబెట్టారు. ఆమె చాలాసేపు చూసి, “ఈ దొర ఎవరు నాయనా?” అని అడిగారు.

ఉపదేశిగారి ముఖం మీద స్ఫోటకపు మచ్చలుండేవి. ఎడమ కన్ను సగం మూసుకుని ఉండేది. యాప్ ఆ మచ్చలను మరకలనుకుని తుడిచేసింది, కన్ను తెరిచింది, మేనిఛాయ తెల్లగా చేసింది. పాత ఖద్దరు చొక్కాకు కోటు కాలరు మొలిచింది. బిడ్డ తన తండ్రిని గుర్తుపట్టలేకపోయింది. ఆ కుర్రవాడి ముఖం చూడలేకపోయాం.

వాడు చెడ్డవాడు కాడు, ఎవరూ నేర్పలేదు, అంతే. కనుక మనం నేర్చుకుందాం.

మొదటిది, ఫోటో బాగుచేయడం

పాత ఫోటోను కాపీ తీయడానికి స్కానరు మేలు. చిన్న ఫోటో అయితే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయమని షాపులో అడగండి. స్కానరు దొరకకపోతే ఫ్లాష్ ఆపివేసి, కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని వెలుతురులో ఫోటోను బల్ల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పైన పట్టుకుని తీయండి.

అచ్చు వేయించాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉంటే బాగుంటుంది. అంటే 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు గల ఫోటోకు 1200 చుక్కల వెడల్పు, 1800 చుక్కల పొడవు కావాలి. ఈ చుక్కలనే పిక్సెల్ అంటారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది. అచ్చుకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి.

ఏ మార్పు చేసే ముందైనా అసలు కాపీని ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. మార్పులన్నీ మరొక నకలు మీద చేయండి. జెపెగ్ రకం ఫైలును దిద్ది దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. కనుక పని జరుగుతున్నంతకాలం పి.ఎన్.జి. రకంలో దాచి, చివరన ఒక్కసారి జెపెగ్‌గా మార్చుకోండి.

కంప్యూటరు ఉన్నవారికి గింప్ అనే ఉచిత సాధనం ఉంది. 1996 నుండి ఎందరో కలిసి తయారు చేసి ఊరకనే ఇస్తున్నారు. మొదట వంకర సరిచేసి అంచులు కత్తిరించండి. తరువాత వెలుగునీడలు సరిదిద్దండి. ఆఖరున మరకలు. వాటికోసం హీల్ అనే పనిముట్టు ఉంది. మరక పక్కనున్న శుభ్రమైన చోటును నమూనాగా తీసుకుని మరక మీద అద్దుతుంది. బట్టకు మాసిక వేసినట్టే. చిత్రాన్ని పెద్దది చేసుకుని చిన్న చిన్న అద్దుళ్లతో చేయండి.

ఇక్కడే ఒక గీత గీసుకోవాలి. కాగితానికి పట్టిన మరక వేరు, మనిషికి ఉన్న మచ్చ వేరు. కాగితానికి కాలం చేసిన హాని తీసివేయవచ్చు. దేవుడిచ్చిన ముఖాన్ని దిద్దే అధికారం మనకు లేదు. ముఖాన్ని మెరుగుపరుస్తామనే యాప్‌లు చేసే పని ఏమిటంటే, మసకగా ఉన్నచోట అవి చూసిన అనేక ఇతర ముఖాలను బట్టి ఇలా ఉండవచ్చునని ఊహించి కొత్తగా గీయడం. అది జ్ఞాపకం కాదు, ఊహ. రంగులు కూడా అంతే. రంగులద్దిన చిత్రం పెట్టదలిస్తే కింద ‘రంగులు తరువాత అద్దినవి’ అని రాసి, అసలు ఫోటోను పక్కనే పెట్టండి. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ నోటికే కాదు, వేలికీ వర్తిస్తుంది.

రెండవది, వెదకడం

అదే కుర్రవాడు సంఘ చరిత్ర రాస్తూ, క్లౌ దొరగారు ఒక్క రోజులో 3,536 మందికి బాప్తిస్మమిచ్చారని రాశాడు. ఎక్కడ చూశావని అడిగితే, వెదకగానే పైన వచ్చిందన్నాడు. మేమిద్దరం కూర్చుని మళ్లీ వెదికాం.

ముందుగా పేరును రకరకాలుగా రాసి చూడాలి. క్లౌ, క్లౌగ్, జాన్ ఎవరెట్ క్లౌ అని తెలుగులో రాయండి, ఇంగ్లీషులోనూ రాయండి. తెలుగు పేర్లను ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు కనుక ఒక్క వర్తనితో ఆగిపోతే సగం సమాచారం కనబడదు. మాటలు విడివిడిగా కాక ఒకే వరుసలో కావాలంటే వాటికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టండి. అక్కరలేని సంగతులు వస్తుంటే ఆ మాట ముందు ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెట్టండి. పూర్తి ప్రశ్న రాయడం కంటే ఊరు, పేరు, సంవత్సరం రాస్తే పాత సంగతులు త్వరగా దొరుకుతాయి.

ఆ విధంగా వెదికితే తేలిందేమిటంటే, 1876-78 నాటి మహా కరువు తరువాత, 1878 జూలైలో, ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఈ బాప్తిస్మాలు జరిగాయి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజులూ కూడితే 3,536. రెండు అంకెలూ నిజమే. ఒకటి ఒక రోజుది, మరొకటి మూడు రోజులది. ఒక పేజీ చూసినవాడు రెండవ అంకె అబద్ధమంటాడు. రెండు పేజీలు చదివినవాడికి సంగతి అర్థమవుతుంది.

మరొక విషయం. నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు క్లౌ దొరగారు కాదు, అభిషేకం పొందిన ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆ పని చేశారు. ఇది చదివి మా కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. “అంకుల్, ఇక్కడా మనవాళ్లను తుడిచేసి దొరగారినే నిలబెట్టాను” అన్నాడు. నేను చెప్పవలసినది వాడే చెప్పాడు.

పాత పుస్తకాలు చదవాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయం ఉంది. 1996లో మొదలైంది. క్లౌ గారి ఆత్మకథ 1914లో ప్రచురితమైంది, అది కూడా అందులో ఇంగ్లీషులో చదవవచ్చు. ఇప్పుడు వెదకగానే పైన యంత్రం తయారు చేసిన జవాబు ఒకటి కనబడుతోంది. అది చదవండి గాని అక్కడే ఆగకండి. దాని కింద చూపిన పేజీ తెరిచి, ఆ మాట నిజంగా అక్కడ ఉందో లేదో చూడండి. బెరయలోని యూదులు పౌలు చెప్పిన సంగతులను సైతం లేఖనాలతో పోల్చి పరిశీలించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చదువుతాం. అందుకు వారిని ఘనులన్నారే గాని అవిశ్వాసులనలేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీద అనుమానం కలిగితే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. ఆ చిత్రం ఇంతకు ముందు ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో చాలాసార్లు తెలుస్తుంది. పాత ఫోటోను కొత్త సంఘటనదని చెప్పి గుంపులో పంచితే భయం, ద్వేషం పెరుగుతాయి. తెలియనిది పంపకుండా ఉండడం కూడా సాక్ష్యమే.

తల్లులకూ పెద్దలకూ ఒక హెచ్చరిక. బ్యాంకు ఫోన్ నంబరు ఇంటర్నెట్‌లో వెదకకండి. పైన వచ్చేవాటిలో డబ్బు కట్టి వేయించిన ప్రకటనలుంటాయి, స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. మోసగాళ్లు తమ నంబర్లను అలా కూడా పెడుతుంటారు. పాస్‌బుక్కు మీద గాని, ఏటీఎం కార్డు వెనుక గాని ఉన్న నంబరుకే చేయండి. డబ్బు మీకు రావడానికి పిన్ నొక్కనవసరం లేదు. పిన్ నొక్కారంటే మీ డబ్బు పోతున్నదన్న మాటే. మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేజారిపోతుంది.

మూడవది, సంఘానికి ఒక పేజీ

వరల్డ్ వైడ్ వెబ్‌ను 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనా సంస్థలో ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఉచితంగా పొందిన దానిని మనమూ పదిమందికి మేలు కలిగేలా వాడుదాం.

గూగుల్ సైట్స్ వంటి వాటిలో ఖర్చు లేకుండా చిన్న పేజీ తయారు చేసుకోవచ్చు. మెరిసే అక్షరాలు, తిరిగే శిలువలు, దానంతటదే మోగే పాట వద్దు. పొరుగూరి నుండి వచ్చే మనిషికి ఏమి కావాలో అది పెట్టండి. సంఘం పేరు, ఊరు, మండలం, జిల్లా, ఆరాధన సమయం, సండేస్కూలు సమయం, బస్సు దిగవలసిన చోటు, పాస్టరుగారు ఒప్పుకుంటే వారి ఫోన్ నంబరు.

సమాచారాన్ని పోస్టరుగా చేసి బొమ్మ పెట్టకండి, అక్షరాలుగా టైపు చేయండి. బొమ్మలోని మాటలు వెదికేవారికి సరిగా దొరకవు. చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించడమూ కష్టమే. అచ్చు షాపుల్లో అను ఫాంట్లతో టైపు చేసినది తెచ్చి నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా ఫోన్ కీబోర్డుతో తెలుగులో మళ్లీ టైపు చేయాలి. అందమైన అక్షరాలు కావాలంటే మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

ఫోటోలు రెండో మూడో చాలు. వెడల్పు 1200 చుక్కలకు తగ్గించి పెడితే సిగ్నల్ తక్కువ ఉన్న ఊళ్లోనూ త్వరగా తెరుచుకుంటుంది. పేజీ తయారైన తరువాత అందరికంటే పాత ఫోన్ ఉన్నవారి చేతికిచ్చి చూడమనండి. ఇంటర్నెట్‌లో కనబడిన ఫోటో అంతా ఊరుమ్మడి సొత్తు కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఫోటోలకూ వర్తిస్తుంది. సొంత ఫోటోలు తీసుకోండి, లేదా వికీమీడియా కామన్స్ నుండి తీసుకుని, అక్కడ అడిగిన విధంగా తీసినవారి పేరు రాయండి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా పెట్టవద్దు. పెట్టినా పేరు, బడి పేరు పక్కన రాయవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. పాస్‌వర్డు ఒక్క కుర్రవాడి దగ్గరే ఉంచకండి. వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లిపోతే పేజీకి తాళం పడుతుంది. సంఘం పేరు మీద వేరే ఈమెయిల్ తెరిచి, ఇద్దరు పెద్దలకు కూడా తెలియజేయండి. కానుకల కోసం బ్యాంకు వివరాలు పెట్టాలంటే కమిటీ తీర్మానం తరువాతే పెట్టండి.

ఇక అవ్వ సంగతి. ఆ కుర్రవాడు మరుసటి వారం రేకుపెట్టెలోని ఫోటోను మళ్లీ అడిగి తీసుకుని, ఒంగోలు వెళ్లి స్కాన్ చేయించాడు. మూడు రాత్రులు కూర్చుని చెమ్మ మరకలు, చిరుగు మాత్రమే తీశాడు. మచ్చలు ఉంచాడు. సగం మూసిన కన్ను ఉంచాడు. ఫ్లెక్సీ వేయించలేదు. చిన్న చట్రం కట్టించి అవ్వ ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె చూపుడువేలితో ఆ చెంప మీది మచ్చలను తడిమి, “మా నాయనే” అన్నారు. ఇప్పుడు మా సంఘ పేజీలో ఉన్నది ఆ ఫోటోయే. దాని కింద ఆయన పేరు, ఊరు, సేవ చేసిన సంవత్సరాలు ఉన్నాయి.

యౌవనస్థులారా, ఈ నెల మీకు ఒక పని. మీ ఇంట్లోగాని, సంఘంలోగాని ఉన్న అందరికంటే పాత ఫోటోను అడిగి కాపీ తీయండి. అందులో ఉన్నవారి పేర్లు, ఊరు, సుమారు సంవత్సరం పెద్దలను అడిగి రాసుకోండి. ఆ పేర్లు చెప్పగలవారు మన మధ్య ఉన్నప్పుడే అడగండి. ఈ పేర్లు ఏ వెదకులాటలోనూ దొరకవు.

ప్రభువు మీ చేతిపనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.